పదకొండు రోజుల కాగితం

మల్కాపురం,
బుధవారం, ఉదయం.

తమ్ముడు అప్పలసూరికి,

ఎదురుగా చెప్పే ధైర్యం లేక ఈ ఉత్తరాన్ని మీ తలుపు సందులోంచి లోపలికి తోసి వెళ్తున్నాను.

పోయిన ఏడాది నా ఎడమ చెవి ఒక్కసారిగా వినిపించడం మానేసి, ఏ మందూ లేకుండా పదకొండో రోజున బాగుపడింది. కుడి చెవి మూసుకుంటే ఏ రోజు కుక్కరు కూత వినబడిందో, ఏ రోజు వినబడలేదో వరస నంబర్లతో రాసుకున్న కాగితాన్ని, నీకూ ఒక చెవి వినబడటం మానేసిందని తెలిసి, ఆదివారం నీకిచ్చాను. అందులో నేను రాయనిది ఒకటుంది. ఆస్పత్రికి వెళ్లకపోవడానికి కారణం దానంతటదే తగ్గుతుందన్న నమ్మకం కాదు, భయం. చెవుడని తెలిస్తే పోర్టులో క్రేను పని నుంచి తప్పిస్తారని దాచాను. బాగుపడ్డాక దాన్నే నా తెలివని చెప్పుకున్నాను.

ఆ రోజు మీ సత్యశ్రీ అడిగింది: "బావగారూ, మీకొచ్చేసినట్టే ఈయనకీ వచ్చేత్తాదంటారా?"

"వచ్చేత్తాదమ్మా, కంగారు పడకు" అన్నాను.

మనసు ఊరుకోక నిన్న నీ గురించి చెవి డాక్టరును అడిగాను. కొందరికి దానంతటదే తగ్గుతుందట, ఎవరికన్నది ముందుగా తెలియదట. మందు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిదట. "ఆయన్ని ఇన్నాళ్లు ఇంట్లో ఎవరు కూర్చోబెట్టారండీ?" అన్నారు.

నీకు ఇవాళ్టికి ఆరో రోజు. ఆ కాగితాన్ని చించెయ్యి. తొమ్మిదింటికి బండితో మీ గుమ్మం ముందుంటాను. దారి పొడుగునా నాతో మాట్లాడకపోయినా సరే, బండి మాత్రం ఎక్కు.

ఇట్లు,
నీకు తప్పు దారి చెప్పిన
అన్న