రోడ్డు పక్క జొన్నచేను, ఊరి బంతి

ఒకప్పటి నల్గొండ, ఇప్పటి యాదాద్రి భువనగిరి జిల్లా, చౌటుప్పల్ మండలం, ఎర్రబావిగూడెం నివాసి, కీర్తిశేషులు ఏసోబు భార్య బిక్షమ్మ అను నేను, వయస్సు అరవై ఆరు, వృత్తి వ్యవసాయం, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా, సంతోషంగా చెప్పి రాయించిన వీలునామా. నాకు ఏ జబ్బూ లేదు. రేపు జూన్ రెండు, ఊరంతా ఒక్క బంతిలో కూర్చుని తినే రోజు. ఈసారి పక్క ఊరివాళ్లూ వస్తున్నారట! కాలు ఒకచోట నిలవడం లేదు. ఈ సంబురంలోనే ఇదీ తేల్చేస్తున్నాను.

1. రోడ్డు పక్క అరెకరం నేనూ ఏసోబూ కూలి చేసి కొన్న స్వార్జితం. నా తదనంతరం అది నా బిడ్డ స్వర్ణకు సర్వహక్కులతో చెందుతుంది. షరతు ఒక్కటే: ఊరి బంతి సాగినన్నాళ్లూ అందులో జొన్న, పుంటికూర వేయాలి. ప్లాట్లు చేయరాదు.

2. ఈ షరతు ఎందుకో వారసులకు తెలియాలి. రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు, ఆవిర్భావం నాడు బడి ఆవరణలో కలిసి తిందామని, ఇంటికో వంట సొంత పంటతో చేసి తేవాలని పంచాయతీ చాటింపు వేయించింది. నేను జొన్నరొట్టెలు, పుంటికూర తీసుకుపోయాను. గంప దించానో లేదో, ఊరి పెద్ద శ్రీశైలం, మా వాడ వంట కలవరాదని, దాన్ని అందరి గిన్నెల మధ్య నుంచి తీయించి గేటు అవతల పెట్టించాడు. గంప ఎత్తుకుని ఇంటిముఖం పట్టాను. ఆయన భార్య నిర్మలమ్మ నా వెనకాలే ఉరికొచ్చింది. "ఏడికి పోతున్నవ్ బిక్షమ్మక్కా? గంప దించు, నాకు ఆకలైతాంది" అంది. అక్కడే దారిమీద కూర్చుని తిన్నది. "గింత మెత్తగ ఎట్ల జేసినవక్కా? జర కూర ఎయ్యి" అంది. ఆమెను చూసి ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. చివరికి బంతే గేటు బయటికి వచ్చింది! ఏడుస్తూనే వడ్డించాను. ఒక్క తునక మిగల్లేదు. ఆ తర్వాత నా గంపను పక్కన పెట్టే ధైర్యం ఎవరికీ రాలేదు.

3. ఇల్లు నా కొడుకు జాషువాకు. "అమ్మా, గా జాగ అమ్మితే బిల్డింగ్ లేస్తది. రొట్టెల కోసం ఆపుతవా?" అన్నావు. ఆపుతాను నాయినా. రేపు నీ కంపెనీ దోస్తులను తీసుకురా. కడుపునిండా తిన్నాక మళ్లీ అడుగు.

4. నిర్మలమ్మకు నా రొట్టెల పెంక. దానికి సబ్బు తగలనివ్వకు. నా పోచంపల్లి చీర కూడా నీకే. నాకంటే నీకే బాగుంటుంది.

5. శ్రీశైలం ఇప్పటికీ నా చేతి వంట ముట్టలేదు. ఆ కోపం నాతోనే వస్తుంది, ఎవరికీ రాసివ్వను. ఏటా రెండు వేడి రొట్టెలు మాత్రం స్వర్ణ ఆయన ఇంటికి పంపాలి. తింటే సరే, లేకుంటే నిర్మలమ్మ తింటుంది.

6. నేను పోయిన నాడు హోటల్ పొట్లాలు తేవద్దు. ఉడకబెట్టిన గుడాలో, పచ్చిపులుసో, ఇంట్లో ఏది ఉంటే అది ఇంటికో గిన్నె తేవాలి. పాస్టరు ప్రార్థన పొట్టిగా ముగించాలి, రొట్టెలు చల్లారిపోతాయి.

7. దీన్ని అమలు జరిపించే బాధ్యత నిర్మలమ్మది.

చదివి వినిపించగా విన్నాను, అంతా నేను చెప్పినట్టే ఉంది. గిర్నీ మూసే వేళవుతోంది, జొన్నలు ఇంకా పట్టించనేలేదు. వేలు ఎక్కడ పెట్టాలో తొందరగా చూపించండి!

ఎర్రబావిగూడెం, 01-06-2024
బిక్షమ్మ, బొటనవేలి నిశాని

సాక్షులు: దశరథ్, సుచరిత
దస్తూరి: అమరేందర్, బడి పంతులు