పొద్దుటి జామ్ తిరిగి ఇప్పించండి

ట్రాఫిక్ విభాగపు అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: కొత్త ఫ్లైఓవర్‌ను ఉదయం బడి వేళలో మూసివేసి, కింది కూడలిలో మునుపటి ట్రాఫిక్ జామ్‌ను పునరుద్ధరించుట గురించి.

కళ్ళజోళ్ళ దుకాణంలో చూపు పరీక్షించు ఉద్యోగినినైన నేను సవినయముగా విన్నవించుకొనునది ఏమనగా:

1. నేను ప్రతిదినము నా కుమార్తెను కారులో బడివద్ద దింపి దుకాణమునకు పోవుదును. సదరు జామ్ అమలులో ఉన్న కాలమున, తొలుత నేనును హారన్ మీద చెయ్యి తీయని మనిషినే. ముందు బండివాణ్ణి, వాడి ఏడుతరాలనూ తిట్టుకునేదాన్ని. ఒకరోజు పాప, "అమ్మా, నువ్వు తిడితే ఆ లారీ ఎగిరిపోతుందా?" అంది. నవ్వొచ్చి ఇంజన్ ఆపేశాను.

2. అది మొదలు జామ్ పడగానే ఇంజన్ ఆపుట, పాప చెప్పునది వినుట అలవాటైనది. ఇంట్లో తలుపేసుకుని ముఖం చూపించని పిల్ల, ఇద్దరం ముందుకే చూస్తూ కూర్చుంటాం కాబట్టి కాబోలు, కారులో గలగలా మాట్లాడేది. రోజు మొత్తంలో నా మనసు కుదురుగా ఉండేది ఆ కాసేపే.

3. తమ శాఖవారు ఫ్లైఓవర్ ప్రారంభించుటతో పై సదుపాయము రద్దయినది. కింది దారియు ఖాళీ అయినందున, ఎటు పోయినను బడి ఇట్టే వచ్చుచున్నది.

4. ఆ వారంలోనే పాప, "అమ్మా, నీకొకటి చెప్పాలి" అంది. చెప్పు అనేలోగా బడి గేటు వచ్చేసింది. సాయంత్రం అడిగితే ఏం లేదంది. అన్నం సగంలో వదిలేస్తోంది. అడిగినకొద్దీ బిగుసుకుపోతోంది. కారు పక్కకు ఆపి అడగవచ్చుగా అంటారేమో, అలా ఆపితే నిలదీసినట్టుంటుంది సార్. జామ్ అయితే ఎవరూ కావాలని ఆపింది కాదు. పిల్లకి ఏదో అయింది. నాకు భయంగా ఉంది.

5. మా ఆయన ఇది చదివి, ఊరంతా బ్రిడ్జి కోసం మొత్తుకుంటే నువ్వు వద్దని రాస్తావా, నీకేమైనా పిచ్చా అన్నారు. ఇది తమ పరిశీలనార్థము తెలుపడమైనది.

కావున తాము దయయుంచి, వారంలో ఒక్క రోజైనను జామ్ మంజూరు చేయ ప్రార్థన. ఒక తల్లి మొర చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
బడిపిల్ల తల్లి

తా.క.: ఇది నిన్న రాసి సంచీలో ఉంచాను. ఇవాళ ఆగలేక ఫ్లైఓవర్ నడుమ కారు ఆపేసి, బండి మొరాయించిందని పాపతో అబద్ధమాడాను. వెనక హారన్లు మోగిపోతున్నాయి. నేను ముందుకే చూస్తూ కూర్చున్నాను. అప్పుడు చెప్పింది. పరీక్షలో చీటీలు పెట్టినవాళ్ళ పేర్లు టీచరుకు చెప్పింది తనేనని తరగతి మొత్తం వెలేసిందట. పక్కన కూర్చుంటే లేచిపోతున్నారట.

"ఆ పేర్లు చెప్పింది నేను కాదమ్మా. జామ్‌లో ఉన్నంతసేపూ బడి రాదని హాయిగా ఉండేది. ఇప్పుడు ఇట్టే వచ్చేస్తోంది" అని ఏడ్చింది.

మాటల కోసం ఆ జామ్‌ని ఇష్టపడింది నేనొక్కదాన్నేనన్నమాట.

మీ కానిస్టేబుల్ వచ్చి అద్దం తట్టారు. పాపను చూసి, చలానా రాయకుండానే వెనక్కి వెళ్ళి నిలబడి బండ్లన్నిటినీ పక్కనుంచి పంపించారు. ఆయనకు మెమో ఇవ్వకండి. చలానా నాకు రాయండి, కడతాను. ఈ అర్జీ పంపుతున్నది ఇందుకే.

పై కోరిక రద్దు చేసుకుంటున్నాను. వంతెన తెరిచే ఉంచండి. దుకాణానికి సెలవు పెట్టి, హెడ్‌మాస్టర్ గది బయట బెంచీ మీద కూర్చుని ఇది రాస్తున్నాను. పాప నా భుజం మీద తల వాల్చింది. లోపలికి పిలిచేదాకా, ఎంతసేపైనా సరే, ఇక్కడి నుంచి కదిలేది లేదు.