మోకాలు పైలం

సుగుణక్కా,

శనివారం మ్యాచ్ ఆడకుండా హిమజను నువ్వే ఆపాలి. నీ చెల్లెలు నా మాట వినట్లేదు. మీ ఊరు మిల్టన్ నుంచి ఒకసారి రా.

నిన్న బాస్కెట్‌బాల్‌లో చివరి టైమౌట్ దాకా మా కాలేజీ అమ్మాయిలదే పైచేయి. టైమౌట్‌లో హిమజ, "కుడి మోకాలు పట్టేసిందే, కోచ్‌కు చెప్పకు" అంది. ఈ పరాయి దేశంలో ఎవరికీ అర్థం కాదని కోర్టులో మా రహస్యాలన్నీ తెలుగులోనే. ఈ ఏడాది ఏ కాలేజీలో చూసినా మనవాళ్లే నిండారని మరిచిపోయాం.

ఆ తర్వాత అవతలివాళ్లు ప్రతిసారీ హిమజ కుడివైపు నుంచే దూసుకొచ్చారు. లీడంతా పోయి ఓడాం.

చివర్లో చేతులు కలుపుతూ వాళ్ల కొత్తమ్మాయి నవ్వింది. "మోకాలు పైలం అక్కా, శనివారం మళ్ల మాతోనే ఆట."

హిమజేమో జాగ్రత్తకు 'పైలం' అనే మన వరంగల్ పిల్ల దొరికిందని మురిసిపోయి, శనివారం ఆట అయ్యాక భోజనానికి పిలిచింది. ఆ భోజనానికి తను నడిచి వస్తుందా అక్కా?