ఎన్ని కెమెరాలమ్మా?

పాల్మాకుల,
ఆదివారం, ఆరాధన అయ్యాక.

అమ్మకు,

ప్రభువు పేరట వందనాలు. ఇక్కడ అందరం క్షేమమని రాయాలి కాబట్టి రాస్తున్నాను. అమ్మమ్మ క్షేమం, నీ తమ్ముడు రూబెన్ మామ క్షేమం, పెరట్లో కోళ్లు కూడా క్షేమమే. నేను మాత్రం కోపంగా ఉన్నాను. నువ్వు కువైట్‌లో బాగున్నావని తలుస్తాను. ఎంత కోపంలో ఉన్నా నువ్వు బాగుండాలనే కోరుకుంటాను, అది వేరే సంగతి.

ఫోన్ ఉండగా ఉత్తరమెందుకని అనుకుంటావేమో. ఫోన్‌లో నేను అరవగానే నువ్వు ఏడుస్తావు. నువ్వు ఏడవగానే నేను చెప్పాల్సింది మరిచిపోయి నిన్ను ఊరుకోబెడతాను. మన పోట్లాటలన్నీ ఇలాగే సగంలో ఆగిపోతున్నాయి. ఈసారి పూర్తిగా పోట్లాడదలుచుకున్నాను. అనుపమక్క సెలవు అయిపోయి శుక్రవారం విమానంలో అక్కడికి తిరిగి వస్తోంది. చింతకాయ తొక్కుతో పాటు ఈ ఉత్తరం ఆమె చేతికిస్తున్నాను. ముందు ఉత్తరం చదువు, తర్వాత తొక్కు తిను.

నువ్వు పోయినసారి రాసి పంపినదాంట్లో అడిగినవాటికి జవాబులు. అమ్మమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి. దవాఖానకు రమ్మంటే "డాక్టరు గూడ ముసలోడే, ఆయన మోకాళ్లు ఎవలు చూస్తున్నరు" అంటుంది. వంటింటి రేకులు మార్పించాం, వాన కారడం లేదు. చర్చికి ప్రతివారం పోతున్నాను. పని నుంచి ఆలస్యంగా ఎందుకు వస్తున్నావని అడిగావు, దాని సంగతి కింద రాస్తాను. "పెట్టె తయారైందా బిడ్డా" అని చివర్లో ఏమీ ఎరగనట్టు ఒక ముక్క రాశావు చూడు, ఈ ఉత్తరమంతా దానికే జవాబు.

ఆ పెట్టె అడిగింది నువ్వే. కిందటి ఎండాకాలం ఫోన్‌లో ఏమన్నావో గుర్తు చేసుకో. "ఫోన్ నిండిందని ఫోటోలు తీసేస్తున్నవట గద. ఇంట్ల ఒక కంప్యూటర్ పెట్టె పెట్టుకుంటే అన్నీ అండ్లనే ఉంటయి బిడ్డా. మా మేడమ్ వాళ్లింట్ల ఉంది. నేనిక్కడ పండుకునే ముంగట జర చూసుకుంట." మీ పెళ్లి క్యాసెట్టు, నా బాప్తిస్మం, క్రిస్మస్ నాటకంలో నాన్న హేరోదు రాజు వేషం కట్టి నడుమ నవ్వాపుకోలేక కిరీటం పడేసుకున్న వీడియో, అన్నీ కావాలన్నావు. నాకు ఎంత సంబరమైందో నీకు తెలియదు. అమ్మ అడగక అడగక ఒకటి అడిగిందని, నేను చేసి పెట్టగలిగింది అడిగిందని పొంగిపోయాను.

నేను విమానాశ్రయం కార్గో ఆఫీసులో రోజంతా కంప్యూటర్ ముందే కూర్చుంటాను కానీ దాని పొట్టలో ఏముంటుందో ఎన్నడూ చూడలేదు. ఈ పని కోసం చదివాను. కంపెనీ బస్సులో చదివాను, మధ్యాహ్నం అన్నం తింటూ చదివాను. నీ దగ్గర నెట్ బలహీనం కదా, వీడియోను అప్పటికప్పుడు చిన్నది చేసి పంపాలంటే ఆ పని చేసే భాగం ప్రాసెసర్‌లోనే ఉండాలట. ఖరీదైనది అక్కర్లేదు, ఆ భాగం ఉంటే చాలు. అలాంటిది వెతికి పట్టుకున్నాను. డిస్కులు రెండు ఉండాలి. ఒకదాంట్లో పడ్డది రెండోదాంట్లోనూ పడుతుంది కాబట్టి ఒకటి చెడిపోయినా నాన్న నవ్వు పోదు. కరెంటు పోయినప్పుడు పెట్టె ఠక్కున ఆరిపోకుండా పక్కన ఒక బ్యాటరీ. ఇవన్నీ బిగించే క్యాబినెట్ కోసమైతే ఇంకా తిరిగాను. అమ్మమ్మ హాల్లోనే పడుకుంటుంది. నెత్తిమీద నుంచి విమానం పోతే లేవని మనిషి, చిన్న ఫ్యాను గుయ్యిమంటే లేచి కూర్చుంటుంది. అందుకని పెద్ద ఫ్యాను మెల్లగా తిరిగేది తీసుకున్నాను. చీర కొనడానికి కూడా నేనెప్పుడూ ఇంత బేరీజు వెయ్యలేదమ్మా.

డిస్కుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం నువ్వు అడ్డం పడ్డావు. "అవి మామ చెప్తడు, మామ చెప్పినయే తీసుకో" అన్నావు. ఫ్యాన్లూ మోటార్లూ బాగుచేసే మామకు డిస్కులతో ఏం పని అని నేను అడగలేదు. అమ్మ చెప్పింది కదా అనుకున్నాను. గుడ్డిగా నమ్మడం అంటే అదే.

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు అమ్మే షాపుకు మామ బండి మీద పోయాం. మామ ఫోన్ తీసి డిస్కు పేరు చదివాడు, వైర్లు పెట్టే ఇంకో డబ్బా పేరు కూడా చదివాడు. షాపాయన రెండూ తెచ్చి బల్ల మీద పెట్టి నన్ను అడిగాడు.

"ఎన్ని కెమెరాలమ్మా?"

"కెమెరాలేంది? ఫోటోలు, వీడియోలు పెట్టుకోవడానికి" అన్నాను.

"గట్లయితే ఇదెందుకు తీసుకుంటున్నరు? ఇది కెమెరాల డిస్కు. రాత్రింబగళ్లు రాసుకుంట పోతనే ఉంటది. నడుమ ఒక ముక్క తప్పిపోయినా ఆగి దేవులాడది. ఇగ గీ డబ్బా అయితే కెమెరాలకు వైరులకెల్లే కరెంటు ఇస్తది. ఇంట్ల ఫోటోలకు ఇవన్ని దండుగ."

నేను మామ వైపు చూశాను. మామ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"ఎన్ని కెమెరాలు మామా?"

"నాలుగు" అన్నాడు నేల చూస్తూ. "వాకిట్ల ఒకటి, హాల్ల ఒకటి, వంటింట్ల ఒకటి."

"నాలుగోది?"

షాపాయన పాపం రసీదు పుస్తకం సర్దుకోవడం మొదలుపెట్టాడు.

"నీ అర్ర తలుపు దిక్కు" అన్నాడు చివరికి. "నన్నేం అనకు బిడ్డా, మీ అమ్మనే చెప్పొద్దన్నది. నువ్వు లేటుగ వస్తున్నవని నేను ఊకె ఒక మాట అన్న. ఆమె అక్కడ పరేషానైంది."

ఆ డిస్కూ డబ్బా వెనక్కిచ్చేశాను. ఇంటి పెట్టెలకు వాడే డిస్కులు రెండు అడిగి తీసుకున్నాను. మామ బండి ఎక్కలేదు. అట్టపెట్టెలన్నీ ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చాను. ఎవరో పెద్దమనిషి "పెళ్లి సామానా అమ్మా" అని అడిగాడు. ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది.

అమ్మా, కెమెరా అంటే ఏమిటో నీకు తెలియదా? తెలియనివాళ్లు పెడితే అమాయకత్వం అనుకోవచ్చు. అక్కడికి పోయిన కొత్తలో నువ్వే నాకు చెప్పావు. "వంటింట్ల పైన కెమెరా ఉంటది బిడ్డా. రొట్టెముక్క నోట్ల పెట్టుకోవాల్నన్నా ఫ్రిజ్ తలుపు చాటుకు పోత" అన్నావు. ఆ రోజు నాకు అన్నం దిగలేదు. నీ మేడమ్‌ను నోటికొచ్చిన శాపాలన్నీ పెట్టి, పాపమని మళ్లీ దేవునికి క్షమాపణ చెప్పుకున్నాను. నీ నెత్తిమీద ఉన్నదాన్నే తెచ్చి నా నెత్తిమీద పెట్టాలని నీకెలా అనిపించింది? అదీ ఫోటోల పెట్టె అని అబద్ధం చెప్పి, నా చేతనే ఏరించి, నా చేతనే మోయించి! మేడమ్ నయం. కెమెరా ఉందని నీకు చెప్పే పెట్టింది. కంచే చేను మేస్తే ఇక ఎవరితో చెప్పుకోవాలి?

ఆ సాయంత్రం ఫోన్‌లో అడిగితే ఏమన్నావు? "నిన్ను కనిపెట్టుకోని ఉండెతందుకే బిడ్డా, తల్లిని గాదా నేను" అన్నావు. బాగుంది మాట. చర్చిలో కనిపెట్టు ప్రార్థన చేస్తాం కదా. గంటలకొద్దీ మోకరించి దేవుని కోసం ఎదురుచూస్తాం. దేవుని మీద నిఘా పెట్టం.

తర్వాత ఏడ్చావు. "మీ నాయన పడిపోయిన నాడు గూడ నాకెవలు చెప్పలే. అంతా అయినంక చెప్పిన్రు. ఇంట్ల ఏం జరిగినా నాకు ఆఖరికే తెలుస్తది. అందుకే నా కండ్లతోని చూసుకుందామనుకున్న" అన్నావు. ఆ మాట నిజం. నువ్వు పరాయి దేశంలో ఒంటరిగా తట్టుకోలేవని పెద్దవాళ్లంతా కలిసి నీ దగ్గర దాచారు, నీకు ఆఖరి చూపు దక్కలేదు. అది అన్యాయమే. కానీ అమ్మా, నా గది తలుపు మీద కెమెరా పెడితే నాన్న ముఖం నీకు కనబడదు.

ఇక ఆలస్యం సంగతి. ఎందుకు ఆలస్యమవుతోందో నేను చెప్పను. చెప్పుకోలేని పని ఏదీ చేయడం లేదు. నోరు తెరిచి నన్నే అడిగి ఉంటే అప్పుడే చెప్పేదాన్ని. నువ్వు మామను అడిగి, నన్ను చూద్దామనుకున్నావు. ఇప్పుడు అడిగినా కొన్నాళ్లు చెప్పను. నా కోపానికి ఆ మాత్రం విలువ ఉండాలి.

ఇప్పటిదాకా నీ తప్పులు రాశాను. ఇది నేను చేసిన పని. ఫోన్‌లో చెప్పే ధైర్యం లేకే ఈ కాగితాలన్నీ నింపాను.

పోయిన వారం మామ బతిమాలుతూ ఒక కెమెరా పట్టుకొచ్చాడు. "ఒక్కటే, హాల్ల. మీ అమ్మ తృప్తికి" అన్నాడు. సరే అని నేనే బిగించాను. నీకు మాత్రం నెట్ కుదరడం లేదని, ఇంకా కలవలేదని చెప్పాను. అది అబద్ధం. కెమెరా పెట్టెకు కలిసింది, రికార్డు అవుతోంది, నీకు మాత్రమే కలపలేదు. నువ్వు ఖాళీ ఫోన్ చూసుకుంటూ కూర్చోవాలని, నాలాగే మోసపోవాలని చేశాను. పగతో చేశాను.

అయితే మామ అమ్మమ్మకు నీ పేరు చెప్పి పోయాడు, ఎస్తేరు గీ కెమెరాలకెల్లి చూస్తదని. ఆ సంగతి నాకు తెలియదు. నేను పనికి పోయాను. సాయంత్రం వచ్చి, కెమెరాలో ఎంత మేర పడుతోందో చూద్దామని రికార్డు తెరిచాను.

అమ్మమ్మ చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుంది. తలకు నూనె రాసి దువ్వుకుంది. ప్లాస్టిక్ కుర్చీ ఈడ్చుకొచ్చి సరిగ్గా కెమెరా కింద వేసుకుని పైకి చూస్తూ కూర్చుంది. "ఎస్తేరూ, కనవడుతున్ననా?" అని అడిగింది. జవాబు రాలేదు కాబట్టి కుర్చీ కొంచెం జరుపుకుంది. చీర పైకి తీసి మోకాలు చూపించింది, "గిక్కడ నొస్తది బిడ్డా" అని. కంచం తెచ్చుకుని నీ ఎదురుగానే తిన్నది. అది వీడియో కాల్ లాంటిదే అనుకుంది, అటు నుంచి నువ్వు కూడా మాట్లాడతావనుకుంది. మధ్యాహ్నం కునుకు కూడా తియ్యలేదు.

పొద్దు వాలేవేళకు చేతులు ఒళ్లో పెట్టుకుని ఇలా అంది.

"మాట్లాడుతలేవేంది బిడ్డా? నిన్ను అక్కడికి పొమ్మన్నది నేనే గద. నీ మొగని ఆఖరి సూపు గూడ దక్కకపాయె నీకు. గా కోపం ఇంక పోలేదా?"

మళ్లీ పైకి చూస్తూ కూర్చుంది. నేను గేటు తీసిన చప్పుడయ్యాక లేచి, కళ్లు తుడుచుకుని, నాకు టీ పెట్టడానికి పోయింది.

అమ్మా, ఆ మాట నా కోసం అన్నది కాదు. దొంగతనంగా విన్నాను. విన్నానని ఆమెకు చెప్పే ధైర్యం నాకింకా రాలేదు. అప్పుడు నా మీద నాకు పుట్టిన కోపం ముందు నీ మీద ఉన్నది ఎంత! చూసేవాళ్లకు నోరు లేని ఆ వస్తువు ముందు ఆమెను పొద్దంతా కూర్చోబెట్టింది నువ్వు, నేను, మామ ముగ్గురం. కెమెరా విప్పేసి మామ చేతికిచ్చాను, మళ్లీ ఈ గడప లోపలికి తేవద్దన్నాను. ఆ రికార్డు తుడిచేశాను. పెట్టె మాత్రం నడుస్తోంది. నువ్వడిగిన వీడియోలన్నీ వేశాను, ఎలా తెరవాలో అనుపమక్క ఫోన్‌లో చూపించి పంపుతున్నాను. నీ కోసం చేసిందే అది, కోపమొచ్చిందని నా దగ్గర ఉంచుకోను.

ఇది చదవగానే ఫోన్ చెయ్యి. నాకు కాదు, అమ్మమ్మకు. వీడియో కాల్ చెయ్యి, నీ ముఖం ఆమెకు బాగా కనబడేలా వెలుతురులో నిలబడు. ఆమె ఏమీ అడగదు, మోకాళ్ల గురించి చెబుతుంది, కోళ్ల గురించి చెబుతుంది. నువ్వే చెప్పు, నీ మీద కోపం లేదమ్మా అని. ఒకవేళ ఉంటే, ఆ కోపమైనా ఆమె ముఖం చూసి చెప్పు. ఆమె అడిగి వారం కావస్తోంది. జవాబు రాలేదని కాదు, నువ్వు విని కూడా పలకలేదని అనుకుంటోంది.

ఇట్లు,
ఇంకా కోపం దిగని నీ బిడ్డ,
సునీల