మంత్రగత్తె కేకలు

పిన్నిగారికి,

మీ పైవాటాలో ఉండే డబ్బింగ్ అమ్మాయి నమస్కరించి రాస్తున్నది. నా ఫోన్ మా ఆయన దగ్గర ఉంది. అందుకే ఈ కాగితం మీ తలుపు కింద పెడుతున్నాను.

ఆ కొరియా సీరియల్‌లో మంత్రగత్తెకు తెలుగు గొంతు నాదేనని మీకు తెలుసు. మొదటి సీజన్‌లో ఇంట్లో కేకలు సాధన చేస్తూ, భయపడవద్దని మీతో చెప్పాను. రెండో సీజన్ మొదలైందనీ చెప్పాను.

సోమవారం సాయంత్రం మీరు విన్నవి సీరియల్ కేకలు కావు. మా ఆయన నా జుట్టు పట్టుకుని, తల వంటింటి గట్టుకేసి కొట్టారు. కింద పడ్డాక డొక్కలో తన్నారు. పక్కటెముక విరిగింది. "అరిచి గీపెట్టినా ఎవడూ రాడే. రెండో సీజన్ అనుకుంటారు" అన్నారు.

మర్నాడు మెట్ల దగ్గర మీరు, "ఏమ్మా, నిన్న ఆ రాక్షసుడు నిన్ను బాగానే చంపినట్టున్నాడే!" అన్నారు. నా పక్కనే ఉన్న మా ఆయన నవ్వారు. నేనూ నవ్వాను.

స్టూడియోలో రికార్డింగ్ చేసే ఆయన, "ఈసారి చావుకేక భలే కుదిరిందమ్మా" అని మెచ్చుకున్నాడు.

సీరియల్‌లో ఆమె ఎన్నిసార్లు చచ్చినా లేచి కూర్చుంటుంది. నేను లేవను.

ఆదివారం మా అన్నయ్య వచ్చి నన్ను తీసుకెళ్తాడు. అప్పటిదాకా ఇంట్లో సాధన చేయను. పైనుంచి కేక వినబడితే అది నాదే. పోలీసులకు ఫోన్ చేసి, బాబాయిగారితో తలుపు పగలగొట్టించండి.

ఈ ఉత్తరం సంగతి అడగడానికి మాత్రం పైకి రాకండి. మా ఇంట్లో తలుపు తీసేది ఆయనే.