గోడకు సున్నం వెయ్యకు

కొచ్చి, నవంబరు 3

నాయనా, నేను బాగానే ఉన్నాను, కోపమొక్కటే తగ్గలేదు.

వానాకాలం గాలి ఇక్కడి ఒడ్డు దగ్గరి పైనీళ్లను సముద్రంలోకి నెడుతుంది. అప్పుడు అడుగునున్న చల్లని నీళ్లు చేపల మేతను మోసుకుంటూ పైకొస్తాయి. గాలి మారి ఆ చల్లనీళ్ల రాక ఏటేటా తగ్గుతోందేమో చూడడమే నా ఉద్యోగం. రెండేళ్లు చూస్తే ఏమీ తేలదు. అందుకే నలభై ఏళ్లుగా రోజూ గాలి రాసిన పుస్తకాలు బీరువాలో ఉండేవి. నేను సెలవు పెట్టిన రోజు మా మేనేజరు వాటిని చిత్తుకాగితాలవాడికి ఎత్తిచ్చేశాడు! అడిగితే, "ఎప్పుడో వీచిపోయిన గాలికి పుస్తకాలెందుకు?" అని నవ్వాడు. ఆఫీసంతా వినేలా అరిచాను. వాటిలో సగం కంప్యూటర్లోకి ఎక్కనే లేదు.

అవ్వను ధారూర్ జాతరకు రైల్లోనే తీసుకుపో, ఆటోలో ఆమె నడుము పోతుంది. కందులు తాండూరు మిల్లులో పట్టించి కాస్త పప్పు పంపు.

అసలు సంగతి మన కొట్టం గోడ. కందులు తూర్పారబట్టే రోజుల్లో గాలి వస్తే గీత, రాకపోతే చుక్క, ముప్పై ఏళ్లుగా బొగ్గుతో పెడుతున్నావు. ఎందుకని అడిగితే, "రాయకుంటే నాకెట్ల యాదుంటది బిడ్డా?" అన్నావు. గోడంతా గలీజుగా ఉంది, క్రిస్మస్‌కు సున్నం వెయ్యమని పోయిన నెల ఫోనులో నీమీద అరిచింది నేనే. మళ్లీ ఫోను చెయ్యడానికి మొహం చెల్లక ఈ కార్డు రాస్తున్నాను. వెయ్యకు నాయనా. వేస్తే, మేనేజరును తిట్టిన తిట్లన్నీ నాకే తగులుతాయి.

మిమ్మల్నిద్దరినీ ప్రభువు చల్లగా చూడాలి.

నీ బిడ్డ
రెబెక్క