వేడి మీద కొలిచిన మూతలు

అక్కకు తమ్ముడి నమస్కారాలు.

ఇక్కడ ముగ్గురం క్షేమం అని రాయబోయి ఆగాను. చేతికి పాత అలవాటు ఇంకా పోలేదు. అమ్మాయీ నేనూ క్షేమం. నువ్వూ బావగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ప్రశ్నలకు వరుసగా జవాబులు. వంట నేనే చేస్తున్నాను. రుచి తెలియడం లేదు కనుక ఉప్పు అమ్మాయిని అడిగి వేస్తున్నాను. నీ మరదలి చీరలు బీరువాలో అలాగే ఉన్నాయి. "ఒక్కసారైనా ఏడ్చావా? నువ్వు మనిషివా, నీ మిషనువా?" అని రాశావు. ఏడవలేదు. రెండో ప్రశ్నకు జవాబు తెలియదు.

ఫ్యాక్టరీలో నీళ్ల కూజా మూతల కొత్త అచ్చు నాకు అప్పగించారు. ప్లాస్టిక్‌ను ఎంత వేడికి కరిగించాలి, ఎంత ఒత్తిడితో అచ్చులోకి నెట్టాలి, ఎంతసేపు చల్లార్చాలి అన్నవి కుదర్చడమే నా పని. ఎవరూ నేర్పలేదు కనుక నాదొక పద్ధతి: ఒకసారికి ఒక్కటే మార్చి, ఫలితం చూసి, రాసుకోవడం. ఈమధ్య మేనేజరు తొందరపెడితే చల్లార్చే సమయాన్ని ఇరవై సెకన్ల నుంచి పన్నెండుకు తగ్గించాను. మూతలు నిగనిగలాడుతూ వచ్చాయి. వేడిగా ఉండగానే కొలిచి, సరిపోయాయన్నాను. మర్నాడు ఒక్కటీ కూజాకు పట్టలేదు. పైన గట్టిపడినా లోపల వేడి మిగిలిపోయింది. అచ్చు వదిలాక నింపాదిగా ముడుచుకుని వంకర తిరిగాయి.

ప్యాకింగు పెద్దావిడ ఒకటి తల మీద పెట్టుకుని, "ఏం బాబూ, ఇవి కూజాలకా, మాకు టోపీలా?" అన్నది. అందరూ నవ్వారు. నేనూ నవ్వానట, ఆవిడే చెప్పింది.

మూతను ఒక రోజు పక్కన పెట్టి, అప్పుడు కొలవాలి. ఈ మాట పది మందికి చెప్పినవాణ్ణి నేనే. చల్లార్చే సమయం మళ్లీ పెంచాను. ఇప్పుడు వస్తున్నవి మర్నాటికీ సరిగ్గా పడుతున్నాయి.

ఇక ఇంతసేపూ దాటవేసిన మాట. నీ మరదలు పోయిన మూడో రోజున, అమ్మాయిని నీ దగ్గర ఉంచుకుని చదివిస్తానన్నావు. "తీసుకెళ్లు అక్కా, నాకేం ఇబ్బంది లేదు" అన్నాను. గొంతు వణకలేదు. అందుకే నువ్వూ నమ్మావు, నేనూ నమ్మాను. ఈ ఆదివారం వస్తున్నానని రాశావు కనుక నిన్న పెట్టె సర్దాను. బట్టలు, పుస్తకాలు, బొమ్మలు, దగ్గు మందు, ఏదీ మరవలేదు. అమ్మాయి తలుపు దగ్గర నిలబడి అంతా చూసి, "నాన్నా, నేను వెళ్తే నీకు ఉప్పు ఎవరు చెబుతారు?" అన్నది.

అప్పుడూ ఏడుపు రాలేదు. ఒక్కొక్కటే బయటికి తీసి, ఎక్కడివక్కడ పెట్టేశాను.

అక్కా, ఆ రోజు నేనన్న మాట వేడి మీద కొలిచినది. దాన్ని లెక్కలోకి తీసుకోకు. ఆదివారం తప్పక రా, తిట్టాలనుంటే తిట్టు, నాలుగు రోజులుండి వెళ్లు. అమ్మాయి మాత్రం ఇక్కడే ఉంటుంది. పెట్టె అటక మీదికి ఎక్కించాను.

ఈ పూట కూరలో ఉప్పు ఎక్కువైందట. నాకు కూడా కొంచెం అలాగే అనిపించింది.

ఇట్లు,
మొదటిసారి నీ మాట కాదంటున్న
తమ్ముడు